వెన్నెల మీద ఇష్టం, క్లాసులో నవ్వులు

ప్రశ్న: సార్, నేను నల్లగొండలో ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది దేవరకొండ అవతల చిన్న ఊరు. నాయన పుణెలో సెంట్రింగ్ పనికి పోతాడు, అమ్మ కూలికి పోతుంది. ‘కాల్పనికోద్యమం – ఇతర ఉద్యమాలు’ అని ప్రాజెక్టు ఇచ్చారు. గైడ్లు చూసి ఒక పట్టిక గీసుకున్నాను. ఎడమ పక్క కాల్పనికత (రొమాంటిసిజం): ఊహ, ప్రకృతి, ప్రేమ, విషాదం, పలాయనం. కుడి పక్క అభ్యుదయం: వాస్తవం, సమాజం, శ్రమ, పోరాటం. రాస్తుంటే నాకే నమ్మకం కుదరడం లేదు. యూరప్ చిత్రకళ మీద కూడా ఒక అధ్యాయం ఉండాలన్నారు, అదింకో టెన్షన్. మరో సంగతి. నాకు కృష్ణశాస్త్రి అంటే ఇష్టం. క్లాసులో ఆ మాట అంటే ‘ఇంట్ల తాగనీకి నీళ్ళు లేవు గాని ఈమెకు వెన్నెల గావాల్నట’ అని నవ్వారు. నిజంగానే నాలాంటి ఇంటి పిల్లలు ఇష్టపడకూడని కవిత్వమా అది?
– ఒక విద్యార్థిని, నల్లగొండ జిల్లా

జవాబు:

బిడ్డా,

ఉత్తరం నిండా ప్రాజెక్టు సంగతే రాసినా, నీ మనసులో ముల్లులా ఉన్నది ఆ వెన్నెల మాటేనని అర్థమైంది. అయినా ప్రాజెక్టుతోనే మొదలుపెడతాను. అది తేలితే రెండోది చాలావరకు దానంతట అదే తేలుతుంది.

నీ పట్టిక తప్పని అనను. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నకు అది చాలు. ప్రాజెక్టుకు చాలదు. ఎందుకంటే ఆ గడుల్లో ఇమడనివాళ్ళే సాహిత్యంలో ఎక్కువమంది, అందులోనూ మంచివాళ్ళు. జాషువా ‘గబ్బిలం’ చూడు, 1941లో వచ్చింది. రాసింది పద్యాల్లో కాబట్టి సంప్రదాయం అనాలి. గబ్బిలంతో శివుడికి కబురు పంపడం కాళిదాసు మేఘసందేశం దారిలోది. ఒంటరివాడొకడు మనిషికి చెప్పుకోలేని బాధను ఒక ప్రాణికి చెప్పుకోవడం అచ్చమైన కాల్పనికత. ఆ బాధేమో అంటరానితనం. దీన్ని ఎడమ పక్క రాస్తావా, కుడి పక్క రాస్తావా?

అందుకని లక్షణాల జాబితా పక్కన పెట్టు. ఏ కవిత చదివినా, ఏ బొమ్మ చూసినా ఒకే ప్రశ్న వెయ్యి: ‘నీ మాట నేనెందుకు నమ్మాలి?’ ఒక్కో ఉద్యమం దీనికి ఒక్కో జవాబు చెబుతుంది. ఆ జవాబు దగ్గరే వాటికి తేడా. వెన్నెల, కొడవలి, పూలు, నెత్తురు అన్నీ సామాను. సామాను ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి ఎప్పుడైనా మారుతుంది.

ముందు సంప్రదాయం సంగతి. మన పక్కనే ఉమ్మడి పాలమూరులో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలుండేవి. తిరుపతి వెంకటకవులు అక్కడికి వచ్చి అవధానాలు చేసి, సన్మానాలు పొంది వెళ్ళారు. ఆ సభల్లో పద్యాన్ని ఎందుకు ఒప్పుకుంటారు? కవిత్వ నియమాలు చెప్పే లక్షణ గ్రంథం ఒప్పుకుంది గనుక, పండితుడు తల ఊపాడు గనుక. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు కావాలి. నగరం, సముద్రం, ఋతువు, సూర్యోదయం, చంద్రోదయం, ఇలా పద్దెనిమిది. ఆ రాత్రి చంద్రుణ్ణి చూసి కవికి స్వయంగా ఏమనిపించిందో ఎవరూ అడగరు. తనకు ముందున్న వెయ్యి చంద్రోదయాల పక్కన ఈ చంద్రోదయం నిలుస్తుందా లేదా అన్నదే లెక్క. అంతమాత్రాన అదంతా ప్రాణంలేని రాత అని మాత్రం రాయకు. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చేరే చోట పెద్దన పద్యం పైకి చదువు, నీకే తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త. యూరప్‌వాళ్ళ నవ్య సంప్రదాయం (నియోక్లాసిసిజం), మన ప్రబంధం ఒకటేనని ఒక్క వాక్యంలో ముడివేయకు. రెండూ నియమాన్ని నమ్మాయి, అంతవరకే పోలిక. వాళ్ళ నియమం గ్రీకుల నుంచి, రోమన్ల నుంచి వచ్చింది. మనది వేరే చోటు నుంచి వచ్చింది.

యూరప్‌లో పద్దెనిమిదో శతాబ్దం చివర ఈ జవాబు మారింది. 1798లో ఇంగ్లీషు కవులు వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి ‘లిరికల్ బాలడ్స్’ అనే పుస్తకం వేశారు. 1800లో వచ్చిన కూర్పుకు వర్డ్స్‌వర్త్ పెద్ద ముందుమాట రాశాడు. మామూలు మనుషులు మాట్లాడే భాషలో రాయాలన్నాడు, పల్లెటూరి బతుకులు కవితకు వస్తువు కావాలన్నాడు, మంచి కవిత్వమంటే బలమైన అనుభూతి తనంతట తాను పొంగిపొర్లడమన్నాడు. అంటే ‘నిన్నెందుకు నమ్మాలి?’ అంటే ‘నాకు అలా అనిపించింది గనుక’ అని జవాబు. గ్రంథం అక్కర్లేదు, రాజు అక్కర్లేదు, సభ అక్కర్లేదు, ఒక్క మనిషి గుండె సాక్ష్యం చాలు. వినడానికి మెత్తగా ఉంటుంది గాని, పుట్టుకను బట్టి మాటకు విలువ కట్టే లోకంలో ఇది తలబిరుసు మాటే. 1789లో ఫ్రెంచి విప్లవం మొదలైంది. వర్డ్స్‌వర్త్ కుర్రతనంలో ఫ్రాన్సులో ఉండి ఆ సంబరాన్ని దగ్గరగా చూశాడు. వయసు మీద పడ్డాక చల్లబడి పాతకాలం మనిషైపోయాడు, అది వేరే కథ.

ఇప్పుడు ‘పలాయనం’ అన్న మాట చూద్దాం. నీ పట్టికలో నాకు బాగా గుచ్చుకున్నది అదే. 1812లో బ్రిటన్ ప్రభువుల సభలో కాల్పనిక కవి బైరన్ చేసిన మొదటి ప్రసంగం దేని మీదో తెలుసా? నాటింగ్‌హామ్ వైపు కొత్త రకం యంత్రాలతో బతుకుతెరువు పోయి, కడుపు మండి వాటిని పగలగొట్టిన నేతపనివాళ్ళకు ఉరిశిక్ష వెయ్యాలని ఒక బిల్లు వచ్చింది. దానికి అడ్డం తిరిగి మాట్లాడాడు. పోచంపల్లి మగ్గాలు, గద్వాల మగ్గాలు ఎరిగినవాళ్ళం, మనకు ఆ గొడవ కొత్తగా చెప్పాలా? 1819లో మాంచెస్టర్‌లో ఓటుహక్కు కోసం మైదానంలో కూడిన జనం మీదికి గుర్రాల మీద సైనికులను తోలితే, ఇటలీలో ఉన్న మరో కాల్పనిక కవి షెల్లీ ఆ వార్త విని అధికారాన్ని నిలువునా కడిగేస్తూ కవిత రాశాడు. దాన్ని అచ్చువేసే ధైర్యం అప్పుడెవరికీ లేకపోయింది. 1832లో, షెల్లీ పోయిన పదేళ్ళకు గాని అది వెలుగు చూడలేదు. వీళ్ళేనా పారిపోయినవాళ్ళు?

నీ ప్రాజెక్టుకు ఒక మంచి జంట చెబుతాను. ఇద్దరు పిల్లలను పక్కపక్కన నిలబెట్టు. ఒకడు లండన్ పిల్లవాడు. 1789లో విలియం బ్లేక్ తానే రాగిరేకుల మీద తయారుచేసి అచ్చువేసుకున్న ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్’ అనే పుస్తకంలో ఉన్నాడు. పొగగొట్టాల్లోకి దూరి మసి గీకే పని వాడిది. తల్లి చిన్నప్పుడే పోయింది. మాటలు సరిగా రాకముందే తండ్రి అమ్మేశాడు. మసిలోనే పడుకుంటాడు. వాడి తోటివాడు టామ్‌కు గుండు గీస్తే ఏడుస్తాడు. ‘ఏడవకురా, జుట్టు లేకపోతే మసి అంటదు గదా’ అని వీడు ఓదారుస్తాడు. ఆ రాత్రి టామ్‌కు కల వస్తుంది. నల్లటి పెట్టెల్లో బందీలైన వేలమంది పిల్లలను ఒక దేవదూత తాళం తీసి వదిలిపెడతాడు, పిల్లలంతా పచ్చిక మీద పరుగెత్తి ఏట్లో స్నానం చేస్తారు. తెల్లవారకముందే లేచి, మళ్ళీ సంచులూ బ్రష్షులూ పట్టుకుని పనికి పోతారు.

రెండోవాడు మన పిల్లవాడే. ‘పల్లెటూరి పిల్లగాడా, పసులగాసే మొనగాడా’ అని తెలంగాణ సాయుధ పోరాటపు పాటల కవి సుద్దాల హనుమంతు పిలిచినవాడు. పాలు మరిచి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే జీతానికి కుదిరాడు. ఒంటి మీద చాలీచాలని చింపులంగీ, కాళ్ళకు తాటిజెగ్గల జోడు. ఈ పాటను మీ ఊళ్ళో పెద్దవాళ్ళు పాడగా వినే ఉంటావు. ‘మా భూమి’ సినిమాతో ఊరూరా తెలిసింది.

ఇద్దరూ పనికి అమ్ముడైన పసివాళ్ళే. నీ పట్టిక ప్రకారం ‘శ్రమ’ కుడి పక్కది, మరి బ్లేక్ పిల్లవాడు ఎడమ పక్కకెలా వచ్చాడు? ఇప్పుడు తేడా ఎక్కడుందో వెతుకు. బ్లేక్ కవితలో పిల్లవాడే ‘నేను’ అని మాట్లాడతాడు. హనుమంతు పాటలో పిల్లవాడు నోరు తెరవడు. ఎవరో పెద్దమనిషి వాణ్ణి ఆపి, ఒంటి మీది బట్టా కాలి జోడూ చూస్తూ, అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటాడు. ఆ అడగడంలో ప్రేమ ఉంది, కోపం కూడా ఉంది, ఆ కోపం పిల్లవాడి మీద కాదు. బ్లేక్ పిల్లవాడికి విడుదల కలలో దొరుకుతుంది, అది కల మాత్రమేనని బ్లేక్‌కు బాగా తెలుసు, అందుకే పొద్దున్నే పనికి పంపేశాడు. హనుమంతు పాటలో దేవదూత లేడు. ఆ పాట పాడుతూ వచ్చిన దళం ఉంది, దాని వెనక ఊళ్ళో జనం ‘సంగం’ అని పిలుచుకున్న ఆంధ్రమహాసభ ఉంది. విడుదల ఎటునుంచి వస్తుందన్న దగ్గరే కాల్పనికత, అభ్యుదయం విడిపోయాయి. పసివాడి బాధను చూసే కన్ను మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఈ ఒక్క పోలికే పది పేజీలు రాయొచ్చు, నన్నడిగితే ప్రాజెక్టు మొత్తం దీని మీదే నడిపినా తప్పులేదు.

చిత్రకళ గురించి భయపడకు. వందల పేర్లు అక్కర్లేదు, ఇక్కడా రెండు బొమ్మలు చాలు, ఫోన్‌లో పెద్దది చేసుకుని చూడు. మొదటిది జర్మనీ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రెడ్రిక్ 1818 ప్రాంతంలో వేసింది. కొండకొమ్ము మీద చేతికర్రతో ఒకతను నిలబడి ఉంటాడు. కింద మంచు సముద్రంలా పరుచుకుని ఉంటుంది. మనకు అతని వీపే కనబడుతుంది, ముఖం కనబడదు. రెండోది ఫ్రాన్సులో గుస్తావ్ కూర్బే 1849లో వేసిన ‘రాళ్ళు కొట్టేవాళ్ళు’. రోడ్డు పక్కన ఒక ముసలాయన మోకాలి మీద వంగి సుత్తితో రాయి పగలగొడుతుంటాడు, ఒక కుర్రవాడు కంకర గంప ఎత్తుతుంటాడు. ముసలాయన ముఖాన్ని టోపీ కమ్మేసింది. కుర్రవాడు మనకు వీపు తిప్పి ఉన్నాడు.

రెండు బొమ్మల్లోనూ ముఖాలు దాచారు చూశావా? ఫ్రెడ్రిక్ ఎందుకు దాచాడంటే, ఆ మనిషి ఒంట్లోకి మనం దూరి, అతని కళ్ళతో ఆ మంచును చూడాలని. అక్కడ బొమ్మలో ఉన్నది కొండ కాదు, కొండను చూస్తున్న మనసు. కూర్బే ఎందుకు దాచాడు? వాళ్ళకు తలెత్తి చూసే తీరిక లేదు. చూడ్డానికి ఏముంది గనుక, ఆకాశం కూడా మూలన చిటికెడే మిగిలింది. చిరిగిన చొక్కా, అతుకులేసిన ప్యాంటు, మడమ బయటపడిన మేజోడు, అన్నీ లెక్క తప్పకుండా వేశాడు. ‘నిన్నెందుకు నమ్మాలి?’ అని అడిగితే ఫ్రెడ్రిక్ ‘నేను లోపల చూశాను’ అంటాడు, కూర్బే ‘పోయి రోడ్డు మీద చూసుకో’ అంటాడు. కాల్పనికతకు, వాస్తవికతకు తేడా ఇంతే. కాలువ తవ్విన చోటల్లా, కంకర కొట్టిన చోటల్లా ‘పాలమూరు లేబర్’ అన్న పేరు విన్న గడ్డ మనది. ఆ రెండో బొమ్మ నీకు ఎవరూ వివరించనక్కర్లేదు. దాని అసలు ప్రతి ఇప్పుడు లేదు, రెండో ప్రపంచయుద్ధం చివర 1945లో డ్రెస్డెన్ దగ్గర బాంబుదాడుల్లో పోయింది. మిగిలినవి ఫొటోలే.

వీటికి ముందొకటి, వెనకొకటి చేర్చితే అధ్యాయం నిండుతుంది. ముందు 1784లో ఫ్రెంచి చిత్రకారుడు దావిద్ వేసిన ‘హొరేషియస్ సోదరుల ప్రమాణం’. గీతలన్నీ గిరిగీసినట్టు తిన్నగా, మనుషులు శిల్పాల్లా, సొంత బాధ కంటే ధర్మం పెద్దదని చెబుతుంది. అది సంప్రదాయం. వెనక 1874లో పారిస్ ప్రదర్శనలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే పెట్టిన సూర్యోదయం బొమ్మ. అక్కడ ‘ఆ క్షణంలో నా కంటికి ఇలా కనబడింది’ అన్నదే సాక్ష్యం. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ 1844లో వానలో దూసుకొచ్చే రైలును వేశాడని ఒక్క వాక్యం రాయి. కాల్పనిక చిత్రకారులు యంత్రాల జోలికి పోలేదనేవాళ్ళకు అది చాలు.

ఇక తెలుగుకు వద్దాం. ఇక్కడ తేదీలు చూడకపోతే పప్పులో కాలేస్తావు. యూరప్‌లో ‘లిరికల్ బాలడ్స్’కూ కూర్బే బొమ్మకూ మధ్య యాభై ఏళ్ళు గడిచాయి. తాతల కాలం వేరు, మనవల కాలం వేరు. మనకు అంత వ్యవధి దొరకలేదు. గురజాడ ‘ముత్యాలసరాలు’ 1910లో, కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ 1925లో, నండూరి ‘ఎంకి పాటలు’ కూడా 1925లోనే. ఆ తర్వాత పదేళ్ళు తిరక్కముందే శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాలు రాస్తున్నాడు, పుస్తకంగా రావడం 1950లోనైనా. అదే శ్రీశ్రీ 1928లో ‘ప్రభవ’ వేసినప్పుడు కృష్ణశాస్త్రి బాటలోనే ఉన్నాడు. అంటే యూరప్‌లో రెండు తరాలు పట్టిన మలుపు మన దగ్గర ఒకే మనిషి యవ్వనంలో జరిగిపోయింది. అందుకే మన ఉద్యమాలు ఒకదాన్నొకటి తోసేసుకుంటూ కాక, ఒకదానిమీదొకటి ఎక్కి కనబడతాయి. ‘నేను సైతం’ అన్న మాటలో మొదటి పదం ఏమిటో చూడు. ఆ ‘నేను’ శ్రీశ్రీకి ఎక్కడినుంచి వచ్చింది? భావకవులు, అంటే కృష్ణశాస్త్రి లాంటి మన కాల్పనిక కవులు, తెచ్చిపెట్టిన ‘నేను’ అది. వాళ్ళు దాన్ని ఆకాశం వైపు తిప్పారు, ఆయన జనం వైపు తిప్పాడు.

భావకవుల ప్రేమను కూడా ఆ కాలంలో పెట్టి చూడాలి. బాల్యవివాహాలకు అడ్డుకట్టగా శారదా చట్టం వచ్చింది 1929లో. పెళ్ళి అంటే పెద్దలూ కులమూ కట్నమూ తప్ప, ఆ ఇద్దరి మనసులు లెక్కలోకే రాని రోజుల్లో, ‘నా ప్రేమ, నా బాధ’ అని ఒకడు పైకి పాడటం ఊరికే పోయే సంగతి కాదు. కాని వాళ్ళ మీద వెయ్యాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది, దాన్ని మీ గైడ్లు వెయ్యవు. ఎవరి గుండె అది? ఆ కవిత్వంలో ప్రేయసి ఎన్నిసార్లు నోరు విప్పింది? ఊర్వశి అయింది, రాణి అయింది, జ్యోత్స్న అయింది, మాట్లాడే మనిషి మాత్రం కాలేకపోయింది. ఎంకి కొంత నయం, ఆమెకు నోరుంది, నాయుడు బావకు ఎదురు చెబుతుంది. భావకవిత్వం మీద నాకున్న ఫిర్యాదు ఇదే. ఆకాశంలో తిరిగిందని కాదు, ఒంటరిగా తిరిగి అదే అందరి బాధ అనుకుందని.

తెలంగాణ సంగతి వేరుగా రాయి, ఇది నీకు కలిసొచ్చే చోటు. నిజాం రోజుల్లో ఇక్కడ చదువు ఉర్దూలో, కచేరీ ఉర్దూలో. తెలుగులో పత్రిక నడపడమే సాహసం. మన నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక వచ్చింది 1922లో. పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ’ పత్రిక పెట్టాడు. తెలంగాణలో కవులే లేరని ఒకరంటే, 1934లో మూడొందల యాభై నలుగురు కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి ముందు పెట్టాడు. ఆ సంచిక తిరగేస్తే ఎక్కువగా పద్యాలే కనబడతాయి. కోస్తా లెక్కన చూసి ‘వెనకబడ్డారు’ అని రాసేవాళ్ళున్నారు. నువ్వు రాయకు. అక్కడ పద్యం రాయడమే ‘మేమున్నాం’ అని చెప్పడం. తర్వాత దాశరథి ‘అగ్నిధార’ 1949లో వచ్చింది. నిజాం జైల్లో ఉండి వచ్చిన కవి, మాటల్లో భావకవి మెరుపు, లోపల నిప్పు. నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి మాత్రం ‘ప్రజల మనిషి’ నవలలో ఆ మెరుపు జోలికి పోలేదు. వెట్టి, భూమి, దొర, అన్నీ ఉన్నదున్నట్టు పెట్టాడు. ఆ ఇద్దరినీ ఒక పేరాలో ఎదురెదురుగా పెడితే కాల్పనికత, వాస్తవికత తేడాను మన నేల మీదే చూపించినట్టవుతుంది.

1965 తర్వాతి ఉద్యమాలను వేగంగా దాటెయ్యి. దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. పండితుల సభను అంతకంటే గట్టిగా ఎలా కాదంటారు? స్త్రీవాదం (‘నీలిమేఘాలు’, 1993), దళితవాదం (‘చిక్కనవుతున్న పాట’, 1995) దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగు. ‘నిన్నెందుకు నమ్మాలి?’ అంటే వాళ్ళ జవాబు ‘నేను అనుభవించాను గనుక, నువ్వు అనుభవించలేదు గనుక’. వర్డ్స్‌వర్త్ జవాబుకు ఇది దగ్గరి చుట్టం. అయితే ఈ గుండె ఒంటరిది కాదు, ‘నేను’ అన్నచోట ‘మేము’ కూడా ఉంటుంది. భావకవుల మీద ‘ఎవరి గుండె?’ అన్న ప్రశ్న వేసినవాళ్ళే, భావకవులు సంపాదించిన హక్కును అందరికంటే బాగా వాడుకున్నారు. సమీక్షకులు ఈ మాట ఒప్పుకోరు, నాతో తగువు పడేవాళ్ళు కూడా ఉంటారు. నువ్వు రుజువులతో రాస్తే నిలబడుతుంది.

ఇక నీ వెన్నెల. నిన్ను చూసి నవ్వినవాళ్ళకు ఇంగ్లీషు కాల్పనిక కవి కీట్స్ కథ చెప్పు. ఆయన తండ్రి లండన్‌లో అద్దె గుర్రాల కొట్టం చూసుకునేవాడు. కీట్స్ మందులు నూరే పని నేర్చుకుని 1816లో లైసెన్సు తీసుకున్నాడు. 1818లో ఒక పెద్ద పత్రిక ఆయన కావ్యాన్ని చీల్చి చెండాడుతూ, నీకు కవిత్వం ఎందుకు, పోయి మందుల కొట్లో మాత్రలూ లేపనాలూ చూసుకో అని వెక్కిరించింది. గ్రీకు దేవతల గురించి రాయడానికి గుర్రాల కొట్టంవాడి కొడుక్కు ఏం హక్కుందని వాళ్ళ కడుపుమంట. మూడేళ్ళకు, ఇరవై అయిదో ఏట, రోమ్‌లో క్షయతో చనిపోయాడు. ఆ సమీక్షే చంపిందని కవులు పాడుకున్నారు గాని అది అతిశయోక్తి, చంపింది జబ్బే. నీ క్లాసులో వినిపించిన మాటా ఆ పత్రిక మాటా ఒకటేనా కాదా నువ్వే చూడు. లేనివాళ్ళు లేమి గురించే పాడాలి, అందం ఉన్నవాళ్ళ సొత్తు అన్నదే రెంటి సారం. అది అభ్యుదయం అనుకుని అంటున్నారు పాపం.

బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చి పేర్చే ఇళ్ళలో తాగే నీళ్ళు దండిగా ఉన్నాయా? నల్లగొండ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న రోజుల్లోనూ పూలు పేర్చారు. గోరటి వెంకన్నది పాలమూరు గడ్డ. ఆయన ‘వల్లంకి తాళం’కు 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చెట్టూ పిట్టా వాగూ వంకా ఆయన పాటల్లో ఎంత ఇష్టంగా కనబడతాయో చూడు. ఆయనదే ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట తీసుకో. పల్లె మనిషిలా ఏడవడం కాల్పనిక ఊహ. కుమ్మరి వాములో తుమ్మలు మొలవడం, కమ్మరి కొలిమిలో దుమ్ము పేరడం ఎవరైనా పోయి చూసుకోగల వాస్తవం. ‘కనిపించని కుట్ర’ అనడం రాజకీయం. మూడూ ఒకే పల్లవి, ఒకే చరణంలో ఉన్నాయి. పాడేటప్పుడు అతుకు ఎక్కడన్నా కనబడిందా?

కాబట్టి కృష్ణశాస్త్రిని ఇష్టపడు, దాచుకోకు. ఇష్టపడుతూనే పైన చెప్పిన ప్రశ్న ఆయన్నూ అడుగు. ఇష్టం ఉన్నచోట అడిగే ప్రశ్నకే పదును ఎక్కువ. నీ ప్రాజెక్టులో ‘పలాయనం’ అన్న మాట వాడదలిస్తే, ఏ కవితలో, ఏ పాదంలో, దేన్నుంచి పారిపోయాడో చూపించి వాడు. చూపించలేకపోతే కొట్టెయ్యి. ‘ప్రభావం’ అన్న మాటకూ ఇదే షరతు. షెల్లీ ప్రభావం అని రాసే ముందు ఫలానా కవి షెల్లీని చదివినట్టు ఆధారం ఉండాలి.

పని ఎలా విడగొట్టుకోవాలో చెబుతాను. అంశం పెద్దదైపోయింది, మీ ప్రాజెక్టు పర్యవేక్షకులతో మాట్లాడి కింద ఒక ఉపశీర్షిక పెట్టించుకో, ‘ఎంపిక చేసిన రచనల ఆధారంగా’ అని. బ్లేక్–హనుమంతు ఒక అధ్యాయం, ఫ్రెడ్రిక్–కూర్బే ఒక అధ్యాయం, దాశరథి–ఆళ్వారుస్వామి ఒకటి, చివర గోరటి వెంకన్న. నేపథ్యానికి సి. నారాయణరెడ్డి గారి ‘ఆధునికాంధ్ర కవిత్వము – సంప్రదాయములు, ప్రయోగములు’ చదువు. పరిశోధన గ్రంథం గాని చదివిస్తుంది. మీ లైబ్రరీలో లేకపోతే జిల్లా గ్రంథాలయంలో అడుగు. దాని నుంచి పేరాలు ఎత్తి రాయకు, వైవాలో దొరికిపోతావు.

హనుమంతు పాట విషయంలో ఒక్క జాగ్రత్త. జనం నోళ్ళలో తిరిగిన పాట, సినిమాలో ఒకలా, సభల్లో ఒకలా, పుస్తకంలో ఒకలా మాటలు మారతాయి. మీ ఊళ్ళో పాడేవాళ్ళుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుని, అచ్చులో ఉన్నదానితో పోల్చు. ఏ పాఠం తీసుకున్నావో మొదటి పేజీలోనే రాసిపెట్టు. వైవాలో పరీక్షకులు ఎక్కడినుంచి తెచ్చావని అడిగేది దాన్నే.